రెండో బ్రేకు

డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో టెస్టులు పెట్టే ఇన్‌స్పెక్టరుకి తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాంతో ఎవరికీ పని పడలేదు. బండి నేర్చుకునే ప్రతివాళ్ళూ ఆయన్ని 'రెండో బ్రేకు' అనేవాళ్ళు. టెస్టు కారులో నడిపేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్క సీట్లో కూర్చునే ఆయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. ప్రమాదం మీదికొస్తే ఆదుకోవడానికని ఆ రెండోది పెట్టారు. ఆయన దాన్ని తొక్కాడంటే నడిపేవాళ్ళు ఫెయిలయినట్టే, ఇంక మాట్లాడడానికి లేదు, అది ఆఫీసు రూలు. ఆ రూలు రాసిన మహానుభావుడికి ఇలాంటి మనిషొకడు ఆ సీట్లోకి వచ్చి కూర్చుంటాడని కలలో కూడా తోచి ఉండదు.

మనిషి చూస్తే జానెడు. నోరు మాత్రం మూరెడు. చొక్కా గుండీలు మెడ దాకా బిగించుకుని, బండెక్కి బెల్టు పెట్టుకుంటూనే "నీ మొహానికి డ్రైవింగొకటా" అని మొదలుపెట్టేవాడు. చేతులు వణికే వాళ్ళు దొరికితే ఆయనగారికి ఆ రోజు పండగే. తన రెండు చేతులూ ముందుకి చాచి, "చూడు, రాయి. బండి నడిపేవాడి చెయ్యంటే ఇలా ఉండాలి" అని చూపించేవాడు. నిజమే, ఆ చేతులు కదిలేవి కావు. తర్వాత ఖాళీ రోడ్డు మీద, ఎదురుగా పురుగు కూడా లేనప్పుడు, టక్కున తన బ్రేకు తొక్కేవాడు. అదేంటి సార్ అని అడిగితే, పిల్లాడెవడైనా అడ్డమొస్తే ఏం చేస్తావని గుడ్లురిమేవాడు. ఎప్పుడూ రాని ఆ పిల్లాడి పేరు చెప్పి ఎంతమందిని ఏడిపించి ఇంటికి పంపాడో ఆయనకే తెలీదు.

కత్తెరక్కని అప్పటికి రెండుసార్లు పంపాడు.

కత్తెరక్క బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కుట్టు లైను చివర కూర్చుని, తయారైన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించడం ఆవిడ పని. చేతిలో ఉన్న కత్తెర వల్ల కొంత, నోట్లో ఉన్న కత్తెర వల్ల మరికొంత ఆ పేరు స్థిరపడింది. సూపర్‌వైజరు అకారణంగా అరిస్తే ఆ అరుపుని అక్కడికక్కడే తుంచి చేతిలో పెట్టే మనిషి. అలాంటిది నలభై దాటాక బండి నేర్చుకోవాలని పట్టు పట్టింది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, సాయంత్రం దింపే వ్యాను పెద్దాయనకి చూపు మందగించింది, మానేస్తున్నాడు. ఆ సీటు తనకి కావాలి. ఏళ్ళ తరబడి వంగి వంగి మెడ పట్టేసింది. ఇప్పుడు తల ఎటు తిప్పినా కరకరమంటోంది. డాక్టరు ఆ పని మానమన్నాడు, మానేసి ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. తలెత్తుకుని ముందుకి చూస్తూ చేసే పని ఆ ఫ్యాక్టరీ మొత్తానికి వ్యాను నడపడం ఒక్కటే.

రవాణా చూసే మేనేజరు, ఈ వారం దాటకుండా లైసెన్సు తెస్తే సీటు నీదే అన్నాడు. తేకపోతే తన తోడల్లుడికి ఇస్తాడట. ఆ తోడల్లుడు తాగి నడుపుతాడని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. మేనేజరుకి ఇంకా బాగా తెలుసు, ఇద్దరూ కలిసే తాగుతారు.

బండి రాక ఫెయిలయిందా అంటే అదీ కాదు. నేర్పినాయన పక్కనుంటే సన్నటి సందుల్లో కూడా అద్దాలు గీసుకోకుండా వెనక్కి తెచ్చేది. రెండో బ్రేకు వచ్చి పక్కన కూర్చున్నాడా, అయిపోయింది. గుండె దడదడా కొట్టుకునేది. నోరు పిడచకట్టుకుపోయేది. అరచేతుల్లో చెమటకి స్టీరింగు జారేది. క్లచ్చి మీదున్న ఎడమ కాలు కుట్టుమిషను సూదిలా టకటకా ఆడేది. ఆయన దాన్నే చూసి పగలబడి నవ్వేవాడు. ఆయన మీద కన్నా ఆవిడకి తన ఒంటి మీదే ఎక్కువ మంట. ఇంతమందిని నోటితో నిలబెట్టి కడిగిన దాన్ని, ఈ దిక్కుమాలిన పుడక ముందు ఎందుకిలా అయిపోతున్నాను, ఛీ, నా బతుకూ ఒక బతుకేనా అని రెండోసారి ఫెయిలయిన రోజు బస్సులో కూర్చుని ఏడ్చింది.

ఆ ఆదివారం వదిన దగ్గరికి వెళ్ళింది. వదిన అంటే అన్న భార్య, పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో నర్సు. రోజూ చావుబతుకుల మధ్య తిరిగే మనిషి కాబట్టి ఎవరి ఏడుపూ ఆవిడకి పెద్దగా ఆనదు. కూరగాయలు తరుగుతూ అంతా విని, తరగడం ఆపకుండానే సంగతి చెప్పింది. మనిషి ఒంట్లో, మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాల వ్యవస్థ ఒకటుందట, పుస్తకాల్లో దానికి సింపథెటిక్ నాడీ వ్యవస్థ అని పేరు. భయం తగలగానే అది వెన్నుపాము నుంచి ఒళ్ళంతా కబురు పంపుతుంది. రెండు కిడ్నీల నెత్తిన టోపీల్లా రెండు గ్రంథులుంటాయి, ఆ కబురందగానే అవి అడ్రినలిన్‌ని రక్తంలోకి గుమ్మరిస్తాయి. దాంతో గుండె పరుగెత్తుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరని బయటికి వదులుతుంది, కడుపుకి పోయే రక్తం తగ్గి కండలకి పోతుంది. దాని వెనకాలే కార్టిసాల్ అని ఇంకోటి నిదానంగా బయల్దేరుతుంది. అది వచ్చిందంటే తొందరగా పోదు, టెస్టు ముందు రోజు రాత్రి నిద్ర పట్టనివ్వనిది అదే.

కత్తెరక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇంత పెద్ద ఏర్పాటు ఉండి, ఆ గ్రంథులకి పులికీ ఆ పుడకకీ తేడా తెలీదా అంది. కిడ్నీల మీద కూర్చుని చేస్తున్న ఉద్యోగం ఇదేనా అంది.

"వాటికి కళ్ళెక్కడివి పిల్లా," అంది వదిన. "కొట్టడానికో పారిపోవడానికో నీకు బలం తెచ్చి పోస్తాయి, అంతవరకే వాటి పని. నువ్వేమో బెల్టు కట్టుకుని కూర్చుంటావు. వాణ్ణి కొట్టనూ కొట్టవు, దిగి పారిపోనూ పోవు. వచ్చిన బలం ఎక్కడికి పోవాలి? చేతుల్లోకీ కాళ్ళల్లోకీ పోయి అక్కడ చిందులేస్తుంది."

అయితే ఆ చిందులు ఆపే బిళ్ళ ఏదన్నా పడెయ్ వదినా అని కత్తెరక్క బతిమాలింది. అలాంటి బిళ్ళ ఉందని వదిన ఒప్పుకుంది. అడ్రినలిన్ వచ్చి గుండె తలుపు తట్టినా వినపడకుండా చేస్తుందట, వణుకు పోతుందట, స్టేజీ ఎక్కేవాళ్ళు కొందరు వాడతారట. కానీ డాక్టరు చూడకుండా నేనివ్వను, నీ ఉబ్బసానికి అది అసలే పడదు, వణికితే వణుకు, వణుకుతో ఎవరూ చావలేదు అని ఖరాఖండిగా చెప్పింది. కత్తెరక్క కోపంగా ఇంటికొచ్చేసింది.

మూడో టెస్టు రోజున ఆఫీసంతా హడావిడిగా ఉంది. కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్ద ఆఫీసరు ఆ రోజు టెస్టుల లెక్కలు చూస్తున్నాడు. ఈ ఒక్క మనిషి చేతిలోనే ఇంతమంది ఎందుకు ఫెయిలవుతున్నారో వచ్చి చెప్పమని ఇన్‌స్పెక్టరుకి కబురు పెట్టాడట. టీలు అందించే ఆవిడ ఈ సంగతి వరసలో నిలబడ్డవాళ్ళందరికీ పూసగుచ్చినట్టు చెప్పింది. పొద్దుటి నుంచి ఆయన మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని, ఆఫీసరు గదిలో గంట మోగినప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడుతున్నాడని చెప్పి కిసుక్కున నవ్వింది. అందర్నీ గడగడలాడించే మనిషి తలుపవతలున్న ఇంకొకడికి గడగడలాడుతున్నాడంటే వరసలో వాళ్ళకి కాస్త ప్రాణం లేచొచ్చింది.

అయినా బండి దగ్గరికి వచ్చినప్పుడు ఆ చేతులు మాత్రం ఎప్పటిలాగే రాళ్ళు. కత్తెరక్కకి ఆశ్చర్యం వేసింది. "మళ్ళీ నువ్వేనా. సిగ్గు లేదా," అంటూ ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ ఎడమ కాలు వెంటనే మిషను మొదలెట్టింది.

టెస్టులో ఇంకో రూలు ఉంది. పక్కనున్నాయన ఎటు పొమ్మంటే అటు పోవాలి, ఎదురు ప్రశ్న వెయ్యకూడదు. ఎడమకి తిప్పమన్నాడు, తిప్పింది. మళ్ళీ ఎడమకి. మళ్ళీ ఎడమకి. ఇంకోసారి తిప్పేసరికి ఇందాక దాటిన రంగుల దుకాణం ముందుకే వచ్చారు. ఇటెందుకు తెచ్చావని అరిచాడు. మీరే చెప్పారు కద సార్ అంటే, నోరు ముయ్యి, ఎడమకి తిప్పు అన్నాడు. రంగుల దుకాణంవాడు నిచ్చెన మీద నిలబడి బోర్డు తుడుచుకుంటున్నవాడల్లా, మూడోసారి వీళ్ళు కనపడేసరికి తుడవడం ఆపి చూస్తూ ఉండిపోయాడు. ఇది నన్ను తిక్కదాన్ని చెయ్యడానికి వేసిన కొత్త వేషం అనుకుంది కత్తెరక్క. తిప్పరా తిప్పు, ఎంత తిప్పుతావో నేనూ చూస్తా అని పళ్ళు నూరుకుంటూ తిప్పింది.

తర్వాత, వాన పడుతోందని వైపర్లు వెయ్యమన్నాడు. ఎండ పెళ్ళున కాస్తోంది. రూలు రూలే కాబట్టి వేసింది. పొడి అద్దం మీద అవి కీచుకీచుమని అరుస్తుంటే రోడ్డు మీద జనం ఆగి చూశారు. ఆయన మాట ముద్దముద్దగా వస్తోంది. కత్తెరక్క అదీ వెటకారమే అనుకుంది. మామూలు మనిషి అలా మాట్లాడితే పక్కవాళ్ళకి పది అనుమానాలొస్తాయి. ఈయన విషయంలో ఎవరికి మాత్రం ఏ అనుమానం వస్తుంది? పిచ్చి పిచ్చిగా అరవడం, లేనిది ఉన్నట్టు చూపించడం, తిట్టడం, అన్నీ ఆయన రోజూ చేసేవే. రోగం వచ్చి ఆయన మొహం మీద కూర్చున్నా దాన్ని పోల్చుకునే వీలు లేకుండా బతికాడు పెద్దమనిషి.

నాలుగు రోడ్ల కూడలి దగ్గరపడుతుండగా ఆయన తల ఆవిడ వైపు తిప్పాడు. "తల్లీ," అన్నాడు మెత్తగా. "కాస్త నెమ్మదిగా పోనీ. పాపం, వెనకాల అమ్మ నిద్రపోతోంది."

కత్తెరక్క గుండె ఝల్లుమంది. తిట్లకి ఆవిడకి ఏమీ అనిపించలేదు, తల్లీ అనేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ మనిషి ఇంత మర్యాదగా మాట్లాడాడంటే ఏదో ఘోరం జరిగింది. అప్పుడు మొదటిసారి ఆయన వంక తిన్నగా చూసింది. మొహం సున్నం కొట్టినట్టుంది. చొక్కా పిండితే నీళ్ళొచ్చేలా తడిసిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ వాటిలో ఎవరూ లేరు. చూస్తుండగానే తల వాలిపోయింది, కాళ్ళు బిర్రబిగుసుకుని ముందుకి తన్నుకున్నాయి, కుడి బూటు వెళ్ళి రెండో బ్రేకు మీద పడింది. బండి నడి కూడలిలో ఎగిరిపడి ఆగిపోయింది. వెనకాల సిమెంటు లారీ చెవులు చిల్లులు పడేలా హారన్ మోగిస్తూ బంపరుకి జానెడు దూరంలో ఆగింది.

అబద్ధమెందుకు, ఈ శనిని ఇక్కడే రోడ్డు మీదికి దొర్లించేసి పోతే ఎంత హాయిగా ఉంటుందో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం దాటిపోయింది. దీపాలన్నీ మినుకుమినుకుమనేలా మీట నొక్కింది. ఆయన బూటు బ్రేకు మీంచి లాగితే మళ్ళీ అక్కడికే పోతోంది. వంగి, ఆయన సీటు కింద కడ్డీ పట్టుకుని ఎత్తి, సీటుని ఆయనతో సహా వెనక్కి ఒక్క తోపు తోసింది. ఇప్పుడు కాలు ఎంత చాచినా బ్రేకు అందదు. బండి స్టార్ట్ చేసి, లారీవాడి తిట్లు లారీవాడికే వదిలేసి, కుడికి కోసి పెద్దాసుపత్రి దారి పట్టింది. కొట్టడమా పారిపోవడమా అని ఇన్నాళ్ళూ తేల్చుకోలేక ఒంట్లోనే తన్నుకున్న బలానికి ఇన్నాళ్ళకి చెయ్యడానికి ఒక పని దొరికింది. ఎదురుగా ఎవరొస్తున్నారో, ఎవరు ఆగుతున్నారో, ఏ సందులోంచి సైకిలు రాబోతోందో అన్నీ కడిగిన అద్దంలో చూసినట్టు కనిపించాయి. చేతులు వణుకుతున్నాయా లేదా అని ఆవిడ చూసుకోలేదు.

క్యాజువాలిటీ గుమ్మం ముందు ఆపి కేకేస్తే వదినే పరుగెత్తుకొచ్చింది. వేలు గుచ్చి చుక్క రక్తం మిషనుకి పెట్టింది. అందులో అంకె చూసి కుర్ర డాక్టరు ఉలిక్కిపడ్డాడు. షుగరు అట్టడుగుకి పడిపోయింది. చేతి నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కాసేపటికే ఆయనగారు కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాను అనలేదు, ఎవరు తెచ్చారు అనలేదు. "ఆఫీసరుగారికి చెప్పారా?" అన్నాడు. అదీ ఆయన మొదటి మాట. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే, పొద్దున్నే ఇన్సులిన్ వేసుకున్నానని ఒప్పుకున్నాడు.

వదిన ఆయన చొక్కా జేబులోంచి ఒక బిళ్ళల అట్ట తీసి ట్రేలో పెట్టింది. డాక్టరు దాన్ని తిప్పి చూసి నిప్పులు తొక్కినట్టు లేచాడు. ఇన్సులిన్ వేసుకుని, తిండి మానేసి, పైగా ఇది మింగావా, ఎవరు రాసిచ్చారని నిలదీశాడు. ఎవరూ రాసివ్వలేదు. కచేరీలు చేసే బావమరిది వాడుతుంటే చూసి, మందుల షాపులో తనే కొనుక్కుంటున్నాడట, చాలా కాలంగా. పెద్దవాళ్ళ ముందుకి పోతే చేతులు వణుకుతాయి సార్ అని గొణిగాడు. ఈ రోజు ఆఫీసరు పిలిచాడని రెండు మింగాడట.

కత్తెరక్క తెర అవతల నిలబడి అంతా వింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత మండుకొచ్చింది. ఆ రాళ్ళూ రప్పలూ అన్నీ షాపులో కొన్నవన్నమాట. ఆ కొన్న రాళ్ళు చూపించి ఎంతమంది సొంత చేతుల్ని చూసి నవ్వాడు!

వదిన ఇవతలికి వచ్చి చెప్పింది. ఒంట్లో చక్కెర తగ్గినా ఆ గ్రంథులే ముందు మేలుకుంటాయట. అడ్రినలిన్ పోసి గుండెని దడదడలాడించి, చేతుల్ని వణికించి, ఏదన్నా తినరా నాయనా అని మొత్తుకుంటాయట. "వీడు ఆ మొత్తుకోలు వినపడకుండా చెవుల్లో దూది కుక్కుకున్నాడు," అంది. "చెమట ఒక్కటే ఆ బిళ్ళకి లొంగదు. అది పట్టిందంటే ఎండకి అనుకుని ఉంటాడు."

ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోనందుకున్న ఆఫీసరు టాక్సీ దిగి, ఆయాసపడుతూ వచ్చాడు. భారీ మనిషి. మంచం మీదున్నాయన గ్లూకోజు గొట్టంతో సహా లేచి నిలబడబోయాడు. వదిన భుజం పట్టుకుని కూలేసింది. ఏం జరిగిందని ఆఫీసరు అడిగాడు.

"ఏముంది సార్," అన్నాడు రెండో బ్రేకు. అప్పుడే చావు నోట్లోంచి ఊడిపడ్డ మనిషి, అబద్ధం మాత్రం ఒక్క తడబాటు లేకుండా ఆడాడు. "ఈవిడ నడిపిన తీరుకి నాకు కళ్ళు తిరిగాయి. నడి కూడలిలో గుద్దెయ్యబోతే నేనే బ్రేకు తొక్కి ఆపాను. ఇలాంటివాళ్ళు వస్తారు సార్, ఫెయిళ్ళు పెరగక ఏం చేస్తాయి?"

ఆఫీసరు మొహం తేటపడింది. ఆయనకి కావలసింది పైవాళ్ళకి చెప్పుకోవడానికి ఒక కారణం. అది దొరికింది. బ్రేకు తొక్కాల్సి వస్తే ఇంక ఫెయిలే కదా అని, కత్తెరక్క వంక చూడకుండానే వెళ్ళడానికి తిరిగాడు.

వదిన పెదవులు బిగబట్టింది. రోగి సంగతి రోగి ఒప్పుకోకుండా బయటపెడితే ఆవిడ ఉద్యోగానికే ముప్పు. డాక్టరు ఇంకో మంచం దగ్గరికి పోయాడు. చెప్పాల్సింది కత్తెరక్క ఒక్కతే. ఇప్పుడు మాట్లాడకపోతే వ్యాను మేనేజరు తోడల్లుడిది. తన మెడ తన ఖర్మ. రేపు ఇంకొకరెవరో ఈ మనిషి పక్కన కూర్చుని తిప్పుకుంటూ ఉంటారు.

"సార్, ఒక్క నిమిషం," అంది.

గొంతు కీచుమంది. కూడలిలో పట్టించుకోని వణుకు ఇప్పుడు వడ్డీతో సహా వచ్చింది. నిలదొక్కుకోవడానికి మంచం ఇనప కడ్డీ పట్టుకుంటే కడ్డీ కూడా టకటకా కొట్టుకుంది. రెండో బ్రేకు ఆ చప్పుడు విని దిండు మీంచి తలెత్తాడు. తనని బతికించి తెచ్చిన మనిషిని గుర్తుపట్టి కాదు, పాత ముచ్చట మళ్ళీ దొరికిందని.

"చూడండి సార్, ఎలా వణుకుతోందో," అన్నాడు, తన చెయ్యి చాచి చూపిస్తూ. "దీనికా లైసెన్సు?"

ఆవిడ కడ్డీ వదిలేసింది. రెండు చేతులూ ఆఫీసరు ముందుకి చాచింది. అవి గాలికి ఆకుల్లా ఆడుతూనే ఉన్నాయి.

"అవును సార్, వణుకుతున్నా. చూడండి బాగా. మీరంటే భయం, ఈయనంటే భయం, నాకు వణుకొస్తుంది. వణుకుతూనే ఈయన సీటు వెనక్కి తోసి, వణుకుతూనే ఇక్కడికి తెచ్చా. బ్రేకు మీద పడింది ఈయన కాలు, ఈయనకి అప్పటికే ఒంటి మీద తెలివి లేదు. కూడలిలో లారీవాణ్ణి అడగండి, రంగుల కొట్టువాణ్ణి అడగండి. ఈయన చేతులు రాయి అనుకుంటున్నారా? ఆ ట్రేలో అట్ట చూడండి. వణుకు రాకుండా బిళ్ళ మింగి కూర్చున్నాడు. వణుకే వచ్చుంటే ఓ బిస్కెట్టు తిని బతికేవాడు. నా వణుకు చూసి ఇన్నాళ్ళూ నన్ను నేనే అసహ్యించుకున్నా సార్, ఇలాంటివాడి మాట విని."

ఆఫీసరు ట్రేలో అట్ట చూశాడు. చాచిన ఆ రాతి చెయ్యిని చూశాడు. ఆ చెయ్యి మెల్లగా దుప్పటి కిందికి పోయింది. డాక్టరు రాసిచ్చేదాకా నువ్వు బండెక్కొద్దు అని ఆఫీసరు రెండో బ్రేకుతో గొణిగాడు. అది న్యాయం మీద ప్రేమతో కాదు. రేపు పేపర్లో ఏం వస్తుందోనన్న లెక్క ఆయన మొహంలో స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. కత్తెరక్క సంగతి మాత్రం తేల్చలేదు. ఇంకో తారీఖుకి అర్జీ పెట్టుకో, నెల తర్వాత చూద్దాం అన్నాడు. నెల తర్వాత ఆ లైసెన్సుని ఆవిడ ఏం చేసుకుంటుంది?

అప్పుడే గేటు కాపలావాడు లోపలికొచ్చి, ఆఫీసు బోర్డున్న కారెవరిది, వెనకాల అంబులెన్సు ఆగిపోయింది, తియ్యండి అని కేకేశాడు. తాళం చెవి కత్తెరక్క ఆఫీసరుకి అందించింది. ఆయన తీసుకోలేదు. తాళం వంక చూశాడు, మంచం వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నాకు... బండి నడపడం రాదు," అన్నాడు.

లైసెన్సులిచ్చే ఆఫీసుకి పెద్దాయన మాట అది. వదిన మొహం పక్కకి తిప్పుకుంది, భుజాలు మాత్రం నవ్వుకి ఎగిరెగిరి పడుతున్నాయి. బయట అంబులెన్సు మోత ఎక్కువైంది. ఆఫీసరు చెమట తుడుచుకుని, అయితే ఒక పని చెయ్యమ్మా, ఆఫీసు దాకా నువ్వే పోనీ, నేను పక్కన కూర్చుంటా, ఇదే నీ టెస్టు, క్షేమంగా చేరితే అక్కడే సంతకం పెడతా అన్నాడు. ఏదో వరమిస్తున్నట్టు అన్నాడు.

కత్తెరక్క వెళ్ళి బండిలో కూర్చుంది. ఆఫీసరు పక్కన ఇరుక్కుని కూర్చుని, స్టీరింగు మీదున్న ఆవిడ చేతుల్ని చూసి గుటక వేశాడు. అవి ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"ఇవి ఇలాగే ఉంటాయి సార్," అంది ఆవిడ, గేరు వేస్తూ. "వీటి వంక చూడకండి. రోడ్డు వంక చూడండి."